డ్రమ్ములో ఏముంది?

ఈ వ్యాసం గురించి

ఇది అభిప్రాయ వ్యాసం. ఇలాంటి వ్యాసంలో రచయిత ఒక మాటను ప్రతిపాదిస్తాడు. ఆ మాట ఎందుకు సరైనదో కారణాలతో, ఉదాహరణలతో చెబుతాడు. ఎదుటివారి అభ్యంతరాలకు జవాబిస్తాడు. మీరు చదివేటప్పుడు ముందుగా ముఖ్యమైన మాట ఏదో గుర్తించండి. చూపిన కారణాలు మీకు సబబుగా తోచాయో లేదో ఆలోచించండి. మీ అనుభవం వేరుగా ఉంటే దానిని పుస్తకం అంచున రాసుకోండి.

1. ఒకే మాట, అనేక ప్రమాదాలు

మీరు ఒక రసాయనాల కర్మాగారంలో కొత్తగా పనికి చేరారనుకోండి. అది మొదటి రోజు. షెడ్డులో నీలం రంగు డ్రమ్ములు వరుసగా ఉన్నాయి. కొన్నింటి మీద అంటించిన కాగితం చిరిగిపోయింది. కొన్నింటి మీద ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. ఒకదాని మీద సుద్దముక్కతో ఏదో అంకె వేసి ఉంది. మీరు మేస్త్రీని అడుగుతారు.

"అన్నా, దీంట్లో ఏముంది?"

"మందు తమ్ముడూ. దొర్లించుకుపోయి ఆ మూలన పెట్టు. చేతికి అంటకుండా చూసుకో."

మేస్త్రీ చెడ్డవాడు కాదు. చేతికి అంటనివ్వవద్దని హెచ్చరించాడు కూడా. కాని అంతకుమించి ఆయనకూ తెలియదు. ఆయనకూ ఎవరూ చెప్పలేదు.

మన భాషలో 'మందు' అనే మాట ఎన్ని పనులు చేస్తుందో చూడండి. జ్వరానికి వేసుకునేది మందు. పత్తి చేలో కొట్టేది మందు. పొలంలో చల్లే ఎరువూ మందే. టపాకాయలో కూరేదీ మందే. సారా దుకాణంలో పోసేదీ మందే. ఇంట్లోనూ, చేలోనూ ఈ మాటతో పని జరిగిపోతుంది. ఏ మందో సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. కర్మాగారంలో అలా తెలియదు. అక్కడ 'మందు' అన్నారంటే ఏమీ చెప్పనట్లే.

నా అభిప్రాయం ఇది. పనిచేసే మనిషికి మూడు సంగతులు తెలియాలి. తాను ముట్టుకుంటున్న పదార్థం పేరేమిటి? అది ఏ విధంగా హాని చేస్తుంది? మీద పడినా, పీల్చినా, అంటుకున్నా వెంటనే ఏం చేయాలి? ఈ మూడూ అతనికి అర్థమయ్యే భాషలో, పనిలోకి దిగక ముందే తెలియాలి. ఇది యజమాని చూపే దయ కాదు. కార్మికుని హక్కు.

2. కంటికి చూస్తే తెలియదా?

"ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. చూడగానే చెప్పేస్తాను" అనేవారు ప్రతి చోటా ఉంటారు. అనుభవం విలువైనదే. కాని కన్నూ, ముక్కూ చాలా రసాయనాల దగ్గర మోసపోతాయి.

లోహాలకు బంగారు, వెండి పూత వేసే షెడ్లలో సోడియం సయనైడును వాడతారు. చూడటానికి తెల్లని ఉప్పులా ఉంటుంది. అదే షెడ్డులో ఆమ్లం కూడా ఉంటుంది. ఈ రెండూ కలిస్తే హైడ్రోజన్ సయనైడు అనే విషవాయువు పుడుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టకూడదని తెలియాలంటే ముందు ఏది ఏదో తెలియాలి.

మిథనాలు నీళ్లలా తేటగా ఉంటుంది. తాగే స్పిరిట్‌లాగానే వాసన వేస్తుంది. డ్రమ్ము మీద 'స్పిరిట్' అని మాత్రమే రాసి ఉంటే తాగాలనిపించేవాడు ఉండవచ్చు. అది కళ్లు పోగొడుతుంది, ప్రాణమూ తీస్తుంది.

మంట కనిపిస్తే నీళ్లు పోయడం మనకు చిన్నప్పటి నుంచి అలవాటు. సోడియం లోహం అంటుకున్నప్పుడు నీళ్లు పోస్తే మంట ఆరదు, ఇంకా పెరుగుతుంది. మురుగు ట్యాంకులలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడు మొదట కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. మోతాదు ఎక్కువైతే అది వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. అంటే వాసన పోయిందని మనిషి ధైర్యం తెచ్చుకునే సమయమే అన్నిటికన్నా ప్రమాదకరమైనది కావచ్చు.

డ్రమ్ములో ఏముందో చెప్పకపోవడం వల్ల ఎంత నష్టం జరుగుతుందో పొరుగు దేశంలో జరిగిన ఒక సంఘటన చూపుతుంది. 2022 జూన్ 4 రాత్రి బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగు దగ్గర సీతాకుండలో ఒక కంటైనర్ల డిపోలో మంటలు లేచాయి. అగ్నిమాపక సిబ్బంది వచ్చి మామూలు మంటలనుకొని ఆర్పడం మొదలుపెట్టారు. అక్కడి కంటైనర్లలో హైడ్రోజన్ పెరాక్సైడు ఉంది. అది తాను మండదు కాని మంటకు బలమిస్తుంది. వేడెక్కితే విడిపోయి పేలుడుకు దారితీస్తుంది. రసాయనాలున్న సంగతి తమకు ముందుగా ఎవరూ చెప్పలేదని అగ్నిమాపక అధికారులు తరువాత అన్నారు. ఆ పేలుళ్లలో 40 మందికి పైగా మరణించారు. వారిలో మంటలార్పడానికి వచ్చినవారూ ఉన్నారు. ప్రాణాలు కాపాడటానికి వచ్చిన మనిషికి కూడా ఆ ఒక్క సమాచారం అందలేదు.

3. భోపాల్ తరువాత

మన దేశంలో ఈ విషయం గురించి మాట్లాడేవారెవరైనా భోపాల్ దగ్గర ఆగవలసిందే. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి, 3 తెల్లవారుజాము మధ్య పురుగుమందుల కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసయనేట్ అనే వాయువు వెలువడింది. వేల మంది మరణించారు. లక్షల మంది దాని ప్రభావానికి గురయ్యారు. ఆ రాత్రి చుట్టుపక్కల బస్తీలవారికి తమను ముంచెత్తుతున్నది ఏమిటో తెలియదు. తడిగుడ్డ ముక్కుకూ నోటికీ అడ్డుపెట్టుకుంటే కొంత మేలని తెలియదు. ఆసుపత్రులలోని డాక్టర్లకు కూడా అది ఏ వాయువో, ఏ వైద్యం చేయాలో తెలియలేదు. కర్మాగారంలో నడిపే విధానాల పుస్తకాలు ఇంగ్లీషులో ఉండేవనీ, పనివారిలో చాలామందికి ఆ భాష అంతగా రాదనీ తరువాత అనేకులు రాశారు.

భోపాల్ తరువాత చట్టం మారింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టాన్ని 1987లో సవరించారు. ప్రమాదకరమైన ప్రక్రియలు ఉన్న చోట ఆ ప్రమాదాల గురించి కార్మికులకూ, అధికారులకూ, స్థానిక సంస్థలకూ, చుట్టుపక్కల ప్రజలకూ తెలియజేయడం యజమాని బాధ్యత అన్నారు. భద్రత గురించి సమాచారం పొందే హక్కు, శిక్షణ పొందే హక్కు కార్మికునికి ఉన్నాయన్నారు. ప్రాణాపాయం ముంచుకొస్తున్నదని తోస్తే హెచ్చరించే హక్కు కూడా ఉందన్నారు.

ఆ చట్టం స్థానంలో ఇప్పుడు 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఉంది. అది 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. ఆరోగ్య భద్రతల గురించి యజమానిని అడిగి తెలుసుకునే హక్కు ఇందులోనూ ఉంది.

అయితే ఒక సంగతి గమనించండి. కరెంటుతో నడిచే చోట 10 మంది పనివారుంటే పాత చట్టం ప్రకారం అది ఫ్యాక్టరీ. కొత్త కోడ్ ప్రకారం 20 మంది ఉండాలి. ప్రమాదకరమైన పని జరిగే చోట ఒక్కరే ఉన్నా కోడ్‌ను వర్తింపజేసే అధికారం ప్రభుత్వానికి ఉన్న మాట నిజమే. ఆ అధికారాన్ని చిన్న షెడ్ల విషయంలో తప్పకుండా వాడాలని నా మనవి. సయనైడుకు తలలు లెక్కపెట్టే అలవాటు లేదు.

4. లేబులు మీద ఏముండాలి?

1989లో వచ్చిన ప్రమాదకర రసాయనాల నియమాల ప్రకారం అలాంటి రసాయనం ఉన్న ప్రతి పాత్ర మీద స్పష్టమైన లేబులు ఉండాలి. లోపల ఉన్నది ఏమిటో, తయారుచేసిన లేదా దిగుమతి చేసుకున్నవారి పేరు, చిరునామా ఏమిటో ఉండాలి. దాని భౌతిక, రసాయనిక, విష గుణాల వివరాలు కూడా ఉండాలి. దానితోపాటు 'భద్రతా సమాచార పత్రం' తయారుచేసి ఉంచాలి. ప్రమాదమేమిటి, ప్రథమ చికిత్స ఎలా, మంట దేనితో ఆర్పాలి, ఒలికితే ఏం చేయాలి, ఏ తొడుగులు వేసుకోవాలి అనే సంగతులు ఆ పత్రంలో ఉంటాయి.

దేశాలన్నిటికీ ఒకే తీరు ఉండాలని ఐక్యరాజ్యసమితి కూడా ఒక పద్ధతి రూపొందించింది. దానిని మొదట 2003లో ప్రచురించారు. అందులో ఎర్రని అంచు ఉన్న డైమండు ఆకారంలో 9 బొమ్మలు ఉంటాయి. విదేశాల నుంచి వచ్చే డ్రమ్ముల మీద మీరు వీటిని చూసి ఉండవచ్చు. ముఖ్యమైనవి గుర్తుపెట్టుకోండి.

మంట బొమ్మ: సులువుగా అంటుకుంటుంది.
వలయం మీద మంట: తాను మండకపోయినా మంటను పెంచుతుంది.
చేతి మీద, లోహం మీద పడుతున్న చుక్కలు: చర్మాన్నీ, లోహాన్నీ తినేస్తుంది.
పుర్రె, ఎముకలు: వెంటనే ప్రాణం తీయగల విషం.
రొమ్ము మీద నక్షత్రం ఉన్న మనిషి: ఊపిరితిత్తులు మొదలైన అవయవాలను నెమ్మదిగా పాడుచేయవచ్చు, క్యాన్సర్ కలిగించవచ్చు.

పుర్రె బొమ్మ మనకు కొత్త కాదు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర 'అపాయం' అనే మాటతో చూసిందే. కాని రొమ్ము మీద నక్షత్రం ఉన్న మనిషి బొమ్మ ఎవరూ చెప్పకపోతే అర్థమవుతుందా? బొమ్మకు కూడా చదువు కావాలి.

5. ఎవరి భాషలో?

ఇదే నా వాదనలో అసలు భాగం. డ్రమ్ము మీద లేబులు ఉన్నంత మాత్రాన చట్టం నెరవేరినట్లు కాదు. చదవవలసినవాడు చదవలేని లేబులు ఉన్నా లేనట్లే.

"అన్ని భాషలలో రాయడం సాధ్యమా?" అంటారు. సాధ్యమేనని చెప్పడానికి మన రైతు చేతిలో ఉన్న డబ్బానే చూపిస్తాను. పురుగుమందుల డబ్బా మీద ఇంగ్లీషు, హిందీలతో పాటు అది అమ్ముడయ్యే ప్రాంతపు భాష కూడా ఉండాలని 1971లో వచ్చిన నియమాలు నిర్దేశించాయి. డైమండు గుర్తు కింది సగంలో రంగు ఉంటుంది. ఎరుపు అంటే అత్యంత విషపూరితం. పసుపు దాని తరువాతది. నీలం మధ్యస్థం. ఆకుపచ్చ తక్కువ విషం, అంతేగాని విషం లేదని కాదు. అక్షరాలు మరీ చిన్నవనే ఫిర్యాదు ఉంది, అది న్యాయమైనదే. అయినా దారి ఉందని రుజువైంది. పావు లీటరు డబ్బా మీద తెలుగు పట్టినప్పుడు 200 లీటర్ల డ్రమ్ము మీద పట్టదా?

అయితే తెలుగు ఒక్కటే రాస్తే మన ప్రాంతంలో కూడా చాలదు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో ఒక కర్మాగారంలో పేలుడు జరిగింది. 40 మందికి పైగా మరణించారు. వారిలో చాలామంది బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ వంటి రాష్ట్రాల నుంచి పొట్టచేత పట్టుకొని వచ్చినవారు. మన పటాన్‌చెరులో, పరవాడలో, అచ్యుతాపురంలో డ్రమ్ములు ఎత్తే చేతులు అనేక భాషల చేతులు. మనవాళ్లు భివండీకో, సూరత్‌కో, గల్ఫ్‌కో పోయినప్పుడు అక్కడి లేబులు మనకు అర్థం కావాలని కోరుకుంటాం. ఇక్కడికి వచ్చినవారికి ఆ న్యాయమే జరగాలి. షెడ్డులో ఎవరు పనిచేస్తున్నారో చూసి వారి భాషలలో రాయాలి.

పాశమైలారం కర్మాగారంలో తయారయ్యేది మాత్రలలో కలిపే సెల్యులోజు పొడి. తిన్నా హాని చేయని పదార్థం. కాని అటువంటి పొడి ఏదైనా సన్నగా గాలిలో మేఘంలా లేచినప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలగలదు. పిండి మరలలో, పంచదార మిల్లులలో కూడా ఈ ప్రమాదం ఉంది. అందువల్ల 'విషం కాదు' అనే మాటతో కూడా సరిపెట్టుకోకూడదు. పేరు చెబితే చాలదు, గుణం చెప్పాలి. గుణం చెప్పడానికి లేబులుతో పాటు శిక్షణ కావాలి.

6. సంతకం శిక్షణ కాదు

చాలా చోట్ల శిక్షణ ఎలా జరుగుతుందో మీకు తెలుసు. కొత్తవాళ్లను ఒక గదిలో కూర్చోబెడతారు. ఇంగ్లీషులో ఉన్న కాగితాలు చూపిస్తారు. రిజిస్టరులో సంతకమో, వేలిముద్రో తీసుకుంటారు. గేటు దాటి లోపలికి పంపుతారు. ఆ సంతకం వల్ల యజమాని ఫైలుకు రక్షణ దొరుకుతుంది. కార్మికుని కళ్లకు దొరకదు.

మంచి శిక్షణకు ఇంత ఖర్చు, అంత యంత్రం అక్కరలేదు. అది డ్రమ్ము దగ్గరే జరగాలి. కార్మికుని భాషలో జరగాలి. చెప్పినవారు చివరకు "ఇది కంట్లో పడితే ఏం చేస్తావు?" అని అడగాలి. "వెంటనే కుళాయి దగ్గరికి పోయి కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడుగుతాను, తరువాత డాక్టరు దగ్గరికి పోతాను" అని అతను చెప్పగలగాలి. ఆ కుళాయి ఎక్కడుందో కళ్లు మూసుకొని కూడా పోగలిగేటట్లు నడిపించి చూపాలి. ఆమ్లాన్ని పలచన చేసేటప్పుడు నీళ్లలో ఆమ్లం పోయాలి గాని ఆమ్లంలో నీళ్లు పోయకూడదని చేసి చూపాలి. కొత్త రసాయనం వచ్చిన ప్రతిసారీ మళ్లీ చెప్పాలి. కాంట్రాక్టరు తెచ్చిన మనిషికీ చెప్పాలి, ఊడ్చే అమ్మకూ చెప్పాలి.

పరికరాలు ఉండి, అలవాటు లేకపోతే ఏమవుతుందో విశాఖపట్నం చెప్పింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గరి కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. సైరను ఉండి కూడా మోగించలేదని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన కమిటీ తేల్చింది. సైరను గోడకు ఉంటే చాలదు. ఎప్పుడు మోగించాలో మనిషికి తెలిసి ఉండాలి.

7. కొన్ని అభ్యంతరాలు

"ఇన్ని చెబితే పనివాళ్లు భయపడి వెళ్లిపోతారు" అంటారు కొందరు. నిజం తెలిస్తే వెళ్లిపోయేంత ప్రమాదం ఉంటే, ఆ నిజం దాచి పని చేయించుకోవడం ఏ న్యాయం? అనుభవంలో జరిగేది వేరు. తెలిసినవాడు జాగ్రత్తపడతాడు. తెలియనివాడే భయపడతాడు, లేదా భయం లేకుండా ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు.

"గ్లౌజులు, మాస్కులు ఇచ్చినా వేసుకోరు. తప్పు వాళ్లదే" అంటారు ఇంకొందరు. ఇందులో కొంత నిజం ఉంది. ఎండాకాలంలో రేకుల షెడ్డు కింద మాస్కు పెట్టుకోవడం కష్టమే. కాని మాస్కు తీస్తే లోపలికి పోయేది ఏమిటో, అది పదేళ్ల తరువాత ఏం చేస్తుందో ఎవరైనా చెప్పారా? కారణం చెప్పని ఆజ్ఞను మనిషి మేస్త్రీ కనిపించినంతసేపే పాటిస్తాడు. కారణం తెలిసిన జాగ్రత్తను ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పాటిస్తాడు.

"ఖర్చు" అంటారు. నాలుగు భాషలలో లేబులు అచ్చువేయించడానికి అయ్యేది ఒక డ్రమ్ము ఖరీదుతో పోల్చినా చాలా స్వల్పం.

8. మీరు ఏం చేయగలరు?

బాధ్యత మొదట యజమానిది, తరువాత ప్రభుత్వానిది. ఈ మాట మరచిపోవద్దు. అయినా మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి.

అడగండి. "ఇది ఏమిటి? మీద పడితే ఏం చేయాలి?" అనే రెండు ప్రశ్నలు వేయడానికి సిగ్గుపడవద్దు. ఒక్కరే అడిగితే గద్దిస్తారని తోస్తే నలుగురు కలిసి అడగండి. సేఫ్టీ కమిటీ ఉంటే దాని ద్వారా అడగండి. జవాబు రాకపోతే రాతపూర్వకంగా అడగండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. ప్రాణాపాయం కనిపిస్తే యజమానికీ, తనిఖీ అధికారికీ ఒకేసారి తెలియజేయవచ్చు.

లేబులు లేని డబ్బాలోకి ఏదీ ఒంపవద్దు. ముఖ్యంగా కూల్‌డ్రింకు సీసాలో యాసిడ్ గాని, కిరోసిన్ గాని, పురుగుమందు గాని పోసి ఇంటికి తేవద్దు. పిల్లవాడు లేబులు చదవడు, సీసా ఆకారం చూసి తాగుతాడు. ఇంట్లో కూడా బ్లీచింగ్ పౌడరును, మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను కలపవద్దు. కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. ఖాళీ రసాయనాల డ్రమ్మును నీళ్ల తొట్టిగా వాడవద్దు.

ఇక చివరి మాట. మీలో చాలామంది పగలు పనిచేసి, రాత్రి ఈ పుస్తకం ముందు కూర్చుంటున్నారు. "ఈ వయసులో చదువు ఎందుకు?" అని ఎవరో ఒకరు మిమ్మల్ని అడిగే ఉంటారు. పరీక్ష పాసవడానికీ, ప్రమోషన్‌కూ అని మీరు చెప్పి ఉంటారు. దానికి ఇంకొక జవాబు కలపండి. రేపు షెడ్డులో డ్రమ్ము మీది పేరు చదివి, పక్కవాడి చెయ్యి పట్టుకొని ఆపగలిగేది మీరే కావచ్చు. అప్పుడు "దీంట్లో ఏముంది అన్నా?" అని కొత్తగా వచ్చిన తమ్ముడు మిమ్మల్ని అడుగుతాడు. 'మందు' అనకండి. పేరు చెప్పండి.

ఆలోచించండి, రాయండి

1. ఈ వ్యాసంలో రచయిత చెప్పిన ముఖ్యమైన అభిప్రాయం ఏమిటి? రెండు వాక్యాలలో రాయండి.
2. 'మందు' అనే మాట ఇంట్లో సరిపోతుంది, కర్మాగారంలో సరిపోదు. ఎందుకు?
3. "బొమ్మకు కూడా చదువు కావాలి" అనే మాటను మీరు ఒప్పుకుంటారా? కారణం చెప్పండి.
4. మీ ఇంట్లో లేదా పనిచేసే చోట లేబులు లేని సీసాలు, డబ్బాలు ఎన్ని ఉన్నాయో చూడండి. ఒక్కొక్క దానికి తెలుగులో లేబులు రాయండి. పేరు, ప్రమాదం, చేయవలసిన పని అందులో ఉండాలి.
5. పనిచేసే చోట వాడే ఒక రసాయనం గురించి వివరాలు కోరుతూ మేనేజరుకు పది వాక్యాలలో లేఖ రాయండి.